చుక్కల మేస్త్రి జలాంతర్గామి

ఆయన్ని ఊళ్లో అందరూ చుక్కల మేస్త్రి అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, పెద్దాయనకు సాయంత్రమైతే గ్లాసు పట్టే అలవాటుందేమోనని జాలిపడతారు. అన్యాయం. ఆయన టీ తప్ప ఇంకొకటి ముట్టడు, అదీ చక్కెర లేకుండా. ఆ పేరు వచ్చింది నీటిచుక్క వల్ల. ఊరికి నీళ్లు పంపే కేంద్రంలో పంపుల దగ్గరే ఆయన ఉద్యోగమంతా గడిచింది. పంపు షాఫ్టు బయటికొచ్చే చోట నీళ్లు చిమ్మకుండా చుట్టూ జిడ్డు పట్టించిన నూలుతాడు కూరి, పైన బిళ్ల పెట్టి, నట్టుతో బిగిస్తారు. దాన్ని గ్లాండు అంటారు. ఆ గ్లాండులోంచి చుక్కా చుక్కా నీరు కారి తాడును చల్లబరుస్తూ ఉండాలని, కారడం ఆగిందంటే ఆ పంపుకు మూడిందనే లెక్కని ఆయన సిద్ధాంతం. పెళ్లి భోజనాల దగ్గరా అదే మాట, ఆసుపత్రి వరండాలోనూ అదే మాట.

ఆ సిద్ధాంతం వెనక ఒక కథ ఉంది. ఆ కథ వినని మనిషి ఊళ్లో లేడు, రెండోసారి వినకుండా తప్పించుకున్నవాడూ లేడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పైఅధికారి ఒకాయన పంపుహౌసులోకి వచ్చి, తడి నేల మీద జారిపడి, లేచి బట్టలు దులుపుకుని, "ఈ కారడమేమిటి? బిగించు" అన్నాడట. కుర్రతనం, ఆపైన భయం. బిగించాడు. తెల్లారేసరికి లోపలి తాడు మాడి బొగ్గయింది, షాఫ్టు మీద గోళ్లతో గీరినట్టు గాట్లు పడ్డాయి, ఊరు ఊరంతా బకెట్లు పట్టుకుని రోడ్డెక్కింది. తిట్లు మాత్రం పైఅధికారికి పడలేదు, మేస్త్రికే పడ్డాయి. గ్లాండు విషయంలో ఆ తర్వాత ఆయన ఇంకెవరి మాటా వినలేదు. నిజానికి ఏ విషయంలోనూ వినలేదు, అది వేరే సంగతి.

ఉద్యోగం చివర్లో పాత పంపులు పీకేసి కొత్తవి పెట్టారు. వాటికి గ్లాండు లేదు, నూలుతాడు లేదు. ఏవో రెండు నున్నటి బిళ్లలు ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతాయట, బయటికి చుక్క రాదట. కొత్త సూపర్‌వైజరు మంచివాడే. నవ్వుతూ, "ఇక మీరు పాపం వంగి వంగి చూడక్కర్లేదు మేస్త్రిగారూ" అన్నాడు. ఆ మాట మేస్త్రికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆయన చూపు వంటింటి కుళాయి మీద, తలుపు బందుల మీద, కుక్కరు మూత మీద పడింది. ప్రతిదానికీ ఒక వంక. "డ్యూటీకి వెళ్లే రోజుల్లో సగం పూటైనా ఇల్లు ప్రశాంతంగా ఉండేది" అని ఆయన భార్య పక్కింటావిడతో అంది, ఆయనకు వినబడేటట్టే.

అలాంటి ఇంట్లోకి ఆవిడ తమ్ముడు ఒక మురుగునీటి పైపు ముక్క చంకలో పెట్టుకుని వచ్చాడు.

ఈ తమ్ముడు, అంటే మేస్త్రి బావమరిది, బజారు వీధిలో రేడియోలు బాగుచేస్తాడు. ఇద్దరు పక్కపక్కన నిలబడితే భుజాలు రాసుకునే సన్నటి కొట్టు. మనిషి మహా నెమ్మదస్తుడు. బావను ఇన్నేళ్లుగా "బావగారూ, మీరు" అనడమే తప్ప ఎదురు చెప్పి ఎరగడు. బావ ఏమన్నా తలూపుతాడు. ఆ తలూపుడు చూస్తేనే మేస్త్రికి ఒళ్లుమంట. పోట్లాడే మనిషైతే పోట్లాడి గెలవొచ్చు, తలూపేవాణ్ణి ఏం చెయ్యాలి?

ఈమధ్య ఆ బావమరిది చేతులు వణకడం మొదలుపెట్టాయి. సాల్డరింగు సీసం పెట్టాల్సిన చోట ఒక పక్కకు పోతుంది, పెట్టకూడని చోట రెండు బొట్లు పడతాయి. ఒకరోజు కొట్టు ముందు నలుగురు ఉండగా ఒకతను తన సెట్టు లాక్కుని, "వద్దులెండి, ఉన్నది కూడా పోతుంది" అని వెళ్లిపోయాడు. పక్కన సెల్‌ఫోను తొడుగులు అమ్మేవాడు ఎప్పట్నుంచో ఆ కొట్టు మీద కన్నేసి ఉన్నాడు. ఆ పూట అక్క ఇంటికొచ్చి, వంటింటి గడప మీద కూర్చుని, బావమరిది ఒక నిర్ణయం చెప్పాడు.

"ఒక్క రేడియో మొదట్నుంచి చివరిదాకా నా చేత్తో చేస్తానక్కా. అది పనిచేస్తే కొట్టు ఉంచుతా. చెయ్యకపోతే పక్కవాడికి ఇచ్చేసి ఊరుకుంటా."

"దానికి ఈ గొట్టం ఎందుకురా?"

"నేల మీద నడిచే బొమ్మకు ఎవడైనా రేడియో చేస్తాడు. నీళ్ల కింద మాట వినే పడవకు చేస్తేనే చేసినట్టు. ఇప్పుడొచ్చే రిమోట్ల తరంగాలు నీళ్లలోకి దిగవు. పాతకాలం బ్యాండు కావాలి. అది నాకు తప్ప ఎవరికొచ్చు?" అని, అంతలోనే గొంతు తగ్గించి, "అంటే, వచ్చేది" అన్నాడు.

తర్వాత బావ వైపు తిరిగి, "రేడియో నేను చూసుకుంటా. నీళ్లు లోపలికి రాకుండా చూడాల్సింది మీరే బావగారూ. నీళ్లంటే మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

మేస్త్రి మొహం చిట్లించి, తనకు బోలెడు పనులున్నాయని, ఇలాంటి పిల్లాటలకు తీరికెక్కడిదని గొణిగాడు. ఆ రోజంతా ఆయనకున్న పని కుక్కరు రబ్బరు తీసి మళ్లీ పెట్టడమే. లోపల మాత్రం కడుపు నిండినట్టుంది. రిటైరయ్యాక నీళ్ల గురించి ఆయన్ని అడిగిన మొదటి మనిషి ఈ తలూపే బావమరిది.

అలా మొదలైంది పీడ.

పైపు ముక్క బయటి ఒళ్లు. దాని లోపల పట్టేటట్టు ఒక పారదర్శకమైన ప్లాస్టిక్కు గొట్టం, రెండు వైపులా మూతలు. బ్యాటరీ, మోటారు, రేడియో అన్నీ ఆ గొట్టంలోనే. ఒక చిన్న మోటారు సిరంజి పిడిని లాగితే నీళ్లు సిరంజిలోకి వచ్చి పడవ బరువెక్కి మునుగుతుంది. తోస్తే నీళ్లు బయటికి పోయి తేలుతుంది. రేడియో మాట అందకపోతే సిరంజి తనంతట తానే నీళ్లు కక్కేసి పడవను పైకి తెచ్చేటట్టు బావమరిది ఒక ఏర్పాటు కూడా చేశాడు. వినడానికి అంతా బాగానే ఉంది. పెరట్లో డ్రమ్ము నిండా నీళ్లు పట్టి గొట్టాన్ని ముంచినప్పుడు తెలిసింది అసలు సంగతి. మూత పక్కనుంచి బుడగలు బుడబుడమంటూ వచ్చాయి.

మేస్త్రి మూతలకు రబ్బరు రింగులు వేశాడు. రింగులు జారడానికి భార్య ముఖానికి రాసుకునే జెల్లీ డబ్బా ఖాళీ చేశాడు. వారం తిరక్కుండా రింగులు ఉబ్బి, గాడిలోంచి బయటికొచ్చి, కుట్టు ఊడిన చొక్కా కాలరులా వేలాడాయి. ఆ రకం రబ్బరుకు ఆ జిడ్డు పడదని బావమరిది ఎక్కడో కనుక్కుని వచ్చి మెల్లగా చెప్పాడు.

"ముందే చెప్పలేకపోయావా?" అని మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు.

బావమరిది తలూపాడు.

రింగులు మార్చారు, జిడ్డు మార్చారు. బుడగలు ఆగాయి. హమ్మయ్య అనుకుని గొట్టం పైకి తీస్తే లోపలి గోడల మీద సన్నటి తేమ. ఎక్కణ్ణుంచో నీళ్లు దూరుతున్నాయని ఇద్దరూ గొట్టం ఊడదీసి, మూతలు గీకి, మళ్లీ అతికించి, మళ్లీ ముంచారు. మళ్లీ తేమ. మేస్త్రి మూతను తిట్టాడు, గొట్టం చేసినవాణ్ణి తిట్టాడు, బావమరిది వేళ్లను కూడా తిట్టబోయి నాలుక్కరుచుకున్నాడు. లోపల పెట్టిన కాగితం ముక్కలు మాత్రం పొడిగానే ఉన్నాయి. చివరికి బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వచ్చిన ఇల్లాలు ఒక్క నిమిషం నిలబడి చూసింది.

"మీరు ఆ మూత పెట్టేది ఎక్కడ?"

"వంటింట్లో. అక్కడ వెలుతురు బాగుంటుంది."

"పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే ఆ ఆవిరి లోపల పెట్టి మూతేసి, తెచ్చి చన్నీళ్లలో ముంచుతున్నారు. తేమ పట్టకేం చేస్తుంది? టీ తాగితే నా కళ్లజోడుకు పట్టడం లేదూ?"

మూత పెట్టే పని వసారాలోకి మారింది. తేమ పోయింది. ఈ ముక్క తనకే తట్టబోయిందని మేస్త్రి భోజనం దగ్గర రెండుసార్లు చెప్పాడు.

ఆవిడే ఇంకో మాట కూడా చెప్పింది: దానికొక సన్నటి తాడు కట్టి వదలమని, మునిగితే లాక్కోవచ్చని. ఈ ఒక్క విషయంలో మాత్రం బావా బావమరుదులు ఏకమయ్యారు. తాడు కడితే దాన్ని జలాంతర్గామి అనరని, బావిలో బకెట్టంటారని ఇద్దరూ ఒకే గొంతుతో చెప్పారు. ఆవిడ నెత్తి కొట్టుకుని లోపలికి వెళ్లింది.

ఇక మిగిలింది వెనక మూత. అక్కడ ప్రొపెల్లరు షాఫ్టు గొట్టంలోంచి బయటికి రావాలి. తిరిగేది ఆగకూడదు, నీళ్లు రాకూడదు. బావమరిది జేబులోంచి రెండు చిన్న రబ్బరు సీళ్లు తీసి చూపించబోయాడు. మేస్త్రి చెయ్యెత్తి ఆపేశాడు. షాఫ్టు తిరిగే చోట ఏముండాలో ఆయనకు ఇంకొకరు చెప్పడమా? తెలిసిన లేతు మిషనువాడి దగ్గర కూర్చుని ఇత్తడితో వేలెడంత గ్లాండు తీయించాడు. దారం పేని, జిడ్డు పట్టించి, చుట్లుగా కూరి, బుల్లి బిళ్ల పెట్టి, బుల్లి నట్టు బిగించాడు. అంత ముద్దైన వస్తువు ఆయన చేతిలోంచి ఎన్నడూ రాలేదు. బావమరిది దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బ, బావగారూ" అన్నాడు. ఈసారి తలూపలేదు, నోరు తెరిచే అన్నాడు. మేస్త్రి ఎటు చూడాలో తెలియక డ్రమ్ములోకి చూశాడు.

లోతు నీళ్లలో వదిలి చూసే పరీక్షకు ముందురోజు సాయంత్రం బావమరిది ఆ నట్టును పానాతో తానే బిగించాడు. మోటారు కాస్త బలమైనదే ఎంచుకున్నాడు కాబట్టి ఎంత బిగించినా షాఫ్టు తిరిగింది. డ్రమ్ములో ముంచి బావతో పాటు చాలాసేపు చూశాడు. ఒక్క బుడగ లేదు. కాగితం పొడిగా ఉంది. మోటారు తిప్పాడు, ఆపాడు, చుక్కాని కదిలించాడు, సిరంజి లాగాడు. చెప్పిన ప్రతి మాటా ఆ రేడియో వింది. అతని చేతులు అప్పుడు కూడా వణుకుతూనే ఉన్నాయి గాని మొహం మాత్రం పెళ్లికొడుకు మొహంలా ఉంది. "స్నానం చేసొస్తా" అని లోపలికి వెళ్లాడు.

మేస్త్రి ఒక్కడే వసారాలో మిగిలాడు. ఊరికే ఉండొచ్చు కదా? ఉంటే ఆయన చుక్కల మేస్త్రి ఎందుకవుతాడు? ప్రొపెల్లరును వేలితో తిప్పి చూశాడు. బిగుతుగా ఉంది. ఆ బిగుతు వేలికి తగలగానే ఆయనకు పాత పంపు గుర్తొచ్చింది. మాడిన తాడు వాసన ముక్కుకు తగిలినట్టే అనిపించింది. బిగించేశాడు వీడు, పైఅధికారిలాగే బిగించేశాడు, రేపు అందరి ముందూ షాఫ్టు పట్టేస్తే నా గ్లాండుకు కదా మాట అనుకున్నాడు. పానా తీసి నట్టును కాస్త, కొద్దిగా, ఇంతంటే ఇంతే వెనక్కి తిప్పాడు. బకెట్టులో ముంచి పట్టుకుని చూశాడు. చాలాసేపటికి గొట్టం లోపల గ్లాండు అంచున ఒక చుక్క పొడిచింది. ముత్యమంత చుక్క. ఆయన ప్రాణం కుదుటపడింది. మూత తీసి లోపల తుడిచి, యథాప్రకారం మూసిపెట్టాడు.

"ఏం చేస్తున్నారు?" భార్య వంటింటి కిటికీలోంచి అడిగింది.

"ఏం లేదు. సరిచేస్తున్నా."

"వాడు అంతా అయిపోయిందన్నాడే?"

"వాడికేం తెలుసు?"

నీటి కేంద్రంలో ఇప్పుడు వాడకంలో లేని పాత తొట్టి ఒకటుంది. ఒకప్పుడు నీళ్లలోని మడ్డి తేరుకోవడానికి కట్టింది. ఒకరి మీద ఒకరుగా ఇద్దరు మనుషుల్ని నిలబెట్టినా మునిగేంత లోతు. మర్నాడు పొద్దున్న సూపర్‌వైజరు గేటు తీయించి, చేతులు కట్టుకుని గట్టున నిలబడ్డాడు. దారిలో కొత్త పంపుల గది తలుపు తెరిచే ఉంది. నేల చుక్క తడి లేకుండా అద్దంలా మెరుస్తోంది. మేస్త్రి ఆ నేల వంక పరాయివాళ్ల ఇల్లు చూసినట్టు చూసి మొహం తిప్పుకున్నాడు. వెనకాల భార్య ఫ్లాస్కుతో వచ్చింది, తాడు లేకుండా.

బావమరిది చేతిలోని రిమోటు యాంటెన్నా లాగి, మీట నొక్కాడు. జలాంతర్గామి గట్టు దగ్గర్నుంచి కదిలింది. మధ్యకు వెళ్లింది. సిరంజి నీళ్లు తాగింది. ముందు వీపు మునిగింది, ఆ తర్వాత పైనున్న చిన్న గోపురం, ఆ తర్వాత కనబడ్డానికి ఏమీ లేదు. నీళ్ల కింద నీడలా ఒక చుట్టు తిరిగి, అవతలి గోడ దగ్గర బుస్సుమని పైకి తేలింది. సూపర్‌వైజరు కట్టుకున్న చేతులు విప్పి చప్పట్లు కొట్టాడు. బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ ఫ్లాస్కు మూత కింద పడేసుకుంది.

"ఇంకోసారి, లోతుగా" అన్నాడు బావమరిది.

రెండోసారి అడుగుదాకా దిగింది. నీడ మసకబారింది. ప్రొపెల్లరు తిరిగే జాడ కాసేపు కనబడి, తడబడి, ఆగిపోయింది. బావమరిది మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. చేతిలోని రిమోటు కట్టేశాడు. మాట అందకపోతే దానంతట అదే పైకి రావాలి కదా. రాలేదు. నాలుగు బుడగలొచ్చాయి. ఆ తర్వాత తొట్టి నిండా ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు.

మేస్త్రికి అప్పుడే అర్థమైంది. పంపులో చుక్క బయటికి పడుతుంది, కాలవలో కలిసిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ చుక్క లోపలికి పడుతుంది. దానికి పోయే దారి లేదు, కింద రేడియో ఉంది. పైగా బకెట్టులో ముత్యమంత చుక్క, ఇంత లోతున, షాఫ్టు తిరుగుతుండగా, ముత్యంలా ఉంటుందా? ధారే. నీటి ఒత్తిడి గురించి ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషికి ఈ మాత్రం తట్టలేదు.

పొడుగాటి ఇనుప కొక్కేలతో అడుగంతా దేవారు. పాత బూటు వచ్చింది, తుప్పు పట్టిన గొలుసు వచ్చింది, నాచు వచ్చింది. "తాడు" అని ఆవిడ మొదలుపెట్టి, తమ్ముడి మొహం చూసి మానేసింది. ఎండ నడినెత్తికొచ్చి పడమటికి దిగాక గానీ పడవ కొక్కేనికి తగల్లేదు. గొట్టం సగానికి పైగా నీళ్లే.

"నీళ్లు దూరాయన్నమాట" అన్నాడు సూపర్‌వైజరు.

"అడుగున ఇంతసేపు పడుంటే దేనికైనా దూరుతాయండీ" అన్నాడు బావమరిది. గొంతు మామూలుగానే ఉంది, అందుకే మేస్త్రికి భయం వేసింది. "ముందు పోయింది రేడియో. పైకి తెచ్చే ఏర్పాటు కూడా పనిచెయ్యలేదంటే రెండుచోట్లా నా సాల్డరింగే. ఊడిపోయుంటుంది. ఈ చేతులు ఇంతే. బావగారి పని బంగారం, ఆయన్ని ఎవరూ ఏమీ అనడానికి లేదు."

మేస్త్రి నోరు తెరిచాడు. సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు. వెనకాల పొడి నేల గది తలుపు తెరిచే ఉంది. చుక్క పడాలని నట్టు వదులు చేశానని ఇక్కడ, ఈ మనిషి ముందు చెప్పడమా? మేస్త్రి నోరు మూసుకున్నాడు.

ఇంటికొచ్చే దారంతా ఆయనకు అందరి మీదా కోపంగానే ఉంది. సరిగ్గా నడవని ఆటో మీద, అది తెచ్చిన కుదుపుల మీద, ఒళ్లో తడి రేడియో పెట్టుకుని పిల్లిలా కూర్చున్న బావమరిది మీద. ఆ వెధవ ఒక్కసారి గ్లాండును అనుమానించకూడదూ? ఒక్క మాట అడిగితే దబాయించి అయినా బయటపడొచ్చు. అడగడు. పొగుడుతాడు. ఇలాంటివాణ్ణి పెట్టుకుని మనిషి ఎలా బతకాలి?

ఆ రాత్రి బావమరిది అక్క ఇంట్లోనే పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న వంటింట్లో భార్య గ్లాసు ఆయన ముందు ఠంగున పెట్టింది.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"ఏమిటి చెప్పేది?"

"కిటికీలోంచి నాకు కనబడేది మిరప మొక్కలొక్కటే కాదు."

"నేను కాస్త వదులు చేశానంతే. ఏ గ్లాండైనా..."

"గ్లాండు సంగతి నాకెందుకండీ? వాడు కొట్టు ఇచ్చేస్తున్నాడు. ఆ కొట్టు లేకపోతే వాడు మనిషి కాడు, మీకు తెలీదూ? పంపుహౌసు లేక మీరెలా అయ్యారో నేను చూళ్లేదూ?"

వసారాలోంచి బావమరిది గొంతు వినబడుతోంది. ఫోనులో మాట్లాడుతున్నాడు. "అవునండీ... సామాను నేనే తీసేయిస్తా... బల్ల కూడా వద్దండీ నాకు... తాళం మీరెప్పుడొస్తే అప్పుడే..."

మేస్త్రి టీ అక్కడే వదిలేసి వసారాలోకి వెళ్లాడు.

"ఆ ఫోను పెట్టెయ్."

"ఒక్క నిమిషం బావగారూ, పక్క కొట్టాయన..."

"పెట్టెయ్యమంటుంటే! నీ రేడియో చావలేదు. నేను చంపాను." మేస్త్రి బల్ల అంచు పట్టుకున్నాడు. "నువ్వు బిగించిన నట్టు వదులు చేశాను. చుక్క పడాలని. బకెట్లో చూశాను, పడింది. ఆ నీళ్లే పోయి నీ రేడియో మీద పడ్డాయి. అది అడుగున పడ్డాక కాదు, పడకముందే పోయింది. నిన్న అక్కడే తెలుసు నాకు. చెప్పలేదు."

బావమరిది ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. అందులోంచి పక్క కొట్టాయన "హలో, హలో" అంటున్నాడు. అతను దాన్ని మెల్లగా దించి బల్ల మీద పెట్టాడు. తలూపుతాడని మేస్త్రి ఎదురుచూశాడు. ఆ తలూపుడు భరించలేననుకుని కళ్లు దించుకున్నాడు.

"నట్టు విప్పావా?" అన్నాడు బావమరిది. "నేను బిగించిన నట్టు విప్పావా? బుడగ లేదని నీ కళ్లతో నువ్వు చూశాక విప్పావా? చుక్క పడాలా? జలాంతర్గామిలో చుక్క పడాలా? నువ్వు మనిషివేనా బావా? నాలుగు నెలలు! ఈ చేతులతో, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క బొట్టు పెట్టాను. రాత్రంతా నేనేమనుకున్నానో తెలుసా? నా బతుకైపోయిందనుకున్నాను. నువ్వేమో గ్లాసెడు టీ పెట్టించుకుని లోపల కూర్చున్నావు! నీ చుక్కలు తగలెయ్య! నీ గ్లాండు తగలెయ్య! ఊరంతా నవ్వుతుంటే మా అక్క మొగుడు కదాని నేనొక్కణ్ణి నోరు మూసుకున్నాను ఇన్నాళ్లూ!"

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. వంటింటి గుమ్మంలో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టం. ఆ తమ్ముడు అరవగలడని ఆవిడకే తెలియదు.

మేస్త్రి ఒక్క మాటకూ అడ్డం రాలేదు. ఇంకా ఏమైనా ఉంటే తిట్టమన్నట్టు నిలబడ్డాడు. అవమానంగా ఉంది, సిగ్గుగా ఉంది, ఈ మనిషిని పోగొట్టుకోబోయానని భయంగా కూడా ఉంది. అయినా ఆ గొంతు అంత గట్టిగా వినబడుతుంటే గుండె మీద నుంచి పెద్ద బరువు దిగినట్టుంది.

బావమరిది అరిచి అరిచి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. బల్ల మీద తడి రేడియో ఉంది. దాన్ని తీసి కళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కొక్క అతుకూ గోరుతో నొక్కి చూశాడు. ఒక్కటీ ఊడలేదు. మళ్లీ మొదట్నుంచి చూశాడు.

"గట్టిగానే ఉన్నాయి" అన్నాడు, ఎవరితోనూ కాదు. "అన్నీ గట్టిగానే ఉన్నాయే."

ఫోను తీసి, "కొట్టు లేదండీ, ఇవ్వడం లేదు" అని కట్టేశాడు. రేడియోను తువాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. చెప్పులు తారుమారుగా వేసుకుని, బావ వంక కన్నెత్తి అయినా చూడకుండా గేటు తీసుకుని బజారు వైపు వెళ్లిపోయాడు.

మేస్త్రి అక్కడే నిలబడ్డాడు. వెనకనుంచి భార్య గొంతు వినబడింది.

"అలా గుడ్లప్పగించి చూస్తారేం? ఆ కొట్టు షట్టరు తుప్పు పట్టి ఉంది. వాడొక్కడి వల్ల లేవదు. వెళ్లండి."

"తిడతాడే!"

"తిట్టించుకోండి" అంది ఆవిడ.

మేస్త్రి చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వీధిలోకి పరుగెత్తాడు.